చర్చ: కుళాయిలు లెక్కపెడుతున్నారు సరే, నీళ్లు ఎవరు లెక్కపెట్టాలి?

చెరువుకట్ట
నేను టీచర్ని. మాది కనిగిరి వైపు పల్లె. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ వెబ్‌సైటులో మా ఊరి పేజీ తెరిచి చూశాను. ప్రతి ఇంటికీ కుళాయి ఉందని రాశారు. ఉన్న మాట నిజమే. కానీ మా పడమటి వీధి చివరి తొమ్మిది ఇళ్లకు రోజుకు అరగంట, అదీ సన్నధార. సెలవుల్లో అమ్మ దగ్గరున్న పదకొండు రోజులూ లెక్క రాశాను. ఏ రోజూ ఏడు బిందెలు దాటలేదు. ఇంట్లో ఐదుగురు.

2019 ఆగస్టు 15న ఈ పథకం మొదలైనప్పుడు దేశం మొత్తం మీద పల్లెల్లో 3.23 కోట్ల ఇళ్లకే కుళాయి ఉండేది, అంటే నూటికి 17. ఇప్పుడది 15 కోట్లు దాటింది. ఆ పనిని నేను తక్కువ చెయ్యడం లేదు. నేను అడిగేది ఒక్కటే. ఆ పేజీలో మా అమ్మ బిందెలు ఎక్కడున్నాయి?

మాజీ ఏఈ
గ్రామీణ నీటి సరఫరా శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను. నీళ్లను కొలవడం లేదన్న మాట తప్పు. మనిషికి రోజుకు 55 లీటర్లు, తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన బీఐఎస్ 10500 ప్రమాణానికి తగిన నాణ్యత, క్రమం తప్పని సరఫరా, ఈ మూడూ ఉంటేనే అది పనిచేస్తున్న కుళాయి అని నిబంధన. 2022లో కేంద్రం దేశమంతా సర్వే చేయించి, మూడూ సరిగా ఉన్నవి 62 శాతం ఇళ్లేనని తనే చెప్పింది. దాచలేదు కదా. ఇంతకీ మీ బిందె ఎన్ని లీటర్లది? పదికి, పదిహేనుకు చాలా తేడా ఉంది. అది తేలకుండా ఏడు బిందెలంటే లెక్క కాదు.

మిరపచేను
మా దగ్గర పైపు నిలబెట్టి, కుళాయి బిగించి, ఇంటావిడను పక్కన నిలబెట్టి ఫొటో తీసుకెళ్లారు. మెయిన్ లైనుకు కలిపింది ఏడాది తర్వాత.

చెరువుకట్ట
సార్, ఆ సర్వే కొన్ని ఊళ్లను ఎంచుకుని చేసింది. అది దేశం సంగతి చెబుతుంది, మా వీధి సంగతి చెప్పదు. ఊరి పేజీలో ఊరంతటికీ కలిపి ఒకే లెక్క. ట్యాంకు కింద ఉన్న ఇంటికి ధార దండిగా వస్తుంది, చివరి ఇంటికి రాదు. రెండిళ్లకూ ఒకటే టిక్కు.

మాజీ ఏఈ
బిందె లీటర్లు చెప్పలేదు.

నల్గొండ బిడ్డ
మాకు తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లా ఉంది, నీళ్లు కూడా వస్తాయి. 2016లో కోమటిబండలో ప్రారంభించినప్పుడు మా నాన్న ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లు మా ఇంట్లోనే ఉన్నాయి. కృష్ణ నీళ్లు రావడం మాకు మామూలు విషయం కాదు. అయినా ఈ రోజుకూ సగం ఊరు తాగేది ఇరవై లీటర్ల క్యాను నీళ్లే. రంగు మారి వచ్చిన నాలుగు రోజులు జనం మరిచిపోలేదు. ఆ అపనమ్మకాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

మాజీ ఏఈ
అది వేరే చర్చ. చెరువుకట్ట గారి వీధి సంగతి నేను చూడకుండానే చెప్పగలను. పై ఇళ్లవాళ్లు కుళాయికి నేరుగా అరహెచ్‌పీ మోటారు తగిలించి లాగుతుంటారు. ఇక చివరి ఇంటికి ప్రెషర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? డిజైన్ సరిగానే ఉంటుంది. ఊళ్లో ఒకరి నీళ్లు ఒకరు తోడుకుంటూ శాఖను తిడితే ఎలా?

కొత్తపేట కోడలు
నీళ్ల పరీక్షకు ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు శిక్షణ ఇస్తారు కదా, మా ఊళ్లో ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను. కిట్టు ఇచ్చారు. చుక్కలు వేస్తే మారే రంగును చార్టుతో పోల్చి ఫ్లోరైడ్ ఎంతో చెప్పొచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నేర్పారు. మొదటి ఆరు నెలలు ఒక్క వారం మానకుండా చేశాను. దక్షిణం బోరు నీళ్లకు రెండుసార్లు హద్దు దాటిన రంగు వచ్చింది. రాసి ఇచ్చాను. "మళ్లీ చెయ్యమ్మా, సరిగా చేసుండవు" అన్నారు. మళ్లీ చేస్తే మళ్లీ అదే రంగు. ఆ తర్వాత మందు సీసాలు అయిపోయాయి, కొత్తవి రాలేదు. బాగున్న రీడింగులన్నీ ఎక్కించారు, ఆ రెండూ ఎక్కలేదు. ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

చెరువుకట్ట
ఏఈ గారూ, చదివారా? మోటారు పెట్టేది ఊరివాళ్లు, పరీక్ష సరిగా చెయ్యనిది ఊరి ఆడవాళ్లు. మీ శాఖ తప్పన్నది ఎప్పుడూ ఉండదా? కుర్చీలో కూర్చుని టిక్కులు పెట్టినవాళ్లకు మా అమ్మ నడుం నొప్పి ఎలా తెలుస్తుంది?

మాజీ ఏఈ
మాట మర్యాదగా ఉండాలి. అర్ధరాత్రి వాల్వు పగిలితే టార్చిలైటు పట్టుకుని గోతిలో దిగినవాణ్ణి నేను. టీచరుగా మీ బడిలో ఫలితాలు తగ్గితే తప్పంతా మీదే అంటే ఒప్పుకుంటారా?

మిరపచేను
ఇద్దరూ కాస్త తగ్గండి.

పంపుహౌస్ పిల్లాడు
చాలాకాలంగా చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మా నాన్న మా ఊళ్లో నీళ్లు వదిలే మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి మోటారు వేసి, ఆరు వీధులకూ గేట్‌వాల్వులు ఒక్కొక్కటే తిప్పుతాడు. బ్లీచింగ్ కలిపేదీ ఆయనే, లీకేజీకి రబ్బరు కట్టేదీ ఆయనే. ఏడు నెలలుగా జీతం లేదు. పంచాయతీని అడిగితే కరెంటు బిల్లు బాకీయే కట్టలేకున్నాం అంటారు. పైనుంచి తనిఖీకి ఎవరొచ్చినా మొదట తిట్లు తినేది ఆయనే. కొత్త కాలమ్ పెట్టిన ప్రతిసారీ దాన్ని నింపేదీ ఆయనే, లేదంటే నేను. నీళ్లు వదిలే మనిషికి జీతం అందిందా అన్న కాలమ్ నాకు ఇంతవరకు కనబడలేదు.

నల్గొండ బిడ్డ
తమ్ముడూ, ఈ మాట నువ్వు మొదటి రోజే రాయాల్సింది.

మాజీ ఏఈ
ఆ బాబు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. ఒక విషయం చెప్పాలి. పదవీ విరమణకు రెండేళ్ల ముందు ఒక ఊళ్లో చివరి వీధికి నీళ్లు అందడం లేదని ఉన్నది ఉన్నట్టు నివేదిక రాశాను. దాని మీద పైపు మార్చడానికి డబ్బు వస్తుందనుకున్నాను. మెమో వచ్చింది. లక్ష్యం ఎందుకు చేరలేదో సంజాయిషీ ఇవ్వమన్నారు. తర్వాతి నెల నుంచి అందరిలాగే రాశాను. కోడలు గారి రీడింగులు కూడా ఇలాగే ఆగి ఉంటాయి. చెడ్డ రీడింగు ఎక్కిస్తే దాని కింద సంతకం చేసినవాడి మెడకే చుట్టుకుంటుంది. అందుకే నేను మనుషుల చేతి లెక్కలు వద్దంటాను. ట్యాంకు దగ్గరా లైన్ల మీదా సెన్సార్లు పెట్టాలి. యంత్రానికి మెమో ఇవ్వలేరు.

చెరువుకట్ట
సార్, నిన్నటి మాటకు క్షమించండి. కానీ మనకు తేడా ఇక్కడే ఉంది. మీకు రాసేవాడికి భయం లేకుండా చేసే యంత్రం కావాలి. నాకు రాసే హక్కు ఊరికి కావాలి. గ్రామసభలో తీర్మానం చేస్తేనే ఊరిని "హర్ ఘర్ జల్" (ఇంటింటికీ నీళ్లు)గా ధ్రువీకరించాలని నిబంధన ఉంది కదా. ఆ సభలో మా చివరి తొమ్మిది ఇళ్లను అడిగినవాళ్లు లేరు. వాళ్ల సంతకం లేకుండా నూరు శాతం అనకూడదు.

కొత్తపేట కోడలు
సెన్సారు ట్యాంకులోంచి ఎంత పోయిందో చెబుతుంది. మా ఇంటికి ఎంత వచ్చిందో చెప్పదండీ.

మాజీ ఏఈ
గ్రామసభలో సర్పంచ్ ఎదుట నీళ్లు రావడం లేదని ఎంతమంది నోరు విప్పుతారమ్మా? మోటార్లు ఉన్నది పెద్ద ఇళ్లలోనే. చివరి వీధివాళ్లు వాళ్ల పొలాల్లోనే కూలికి వెళ్లాలి. ఈ భయం మెమో భయం కన్నా తక్కువేమీ కాదు.

చెరువుకట్ట
తక్కువ కాదు, ఒప్పుకుంటాను. అందుకే చేతులెత్తించడం కాదు, ఇల్లిల్లూ తిరిగి రాయించాలంటున్నాను. ఈ ఉదయం సీసాతో కొలిచాను. బిందె 14 లీటర్లు. ఏడు బిందెలంటే 98. ఐదుగురికి రావాల్సింది 275.

మాజీ ఏఈ
98 అంటే మూడో వంతు చిల్లర. లెక్క సరిపోయింది. ఇంకో పని చెయ్యండి. రేపు నీళ్లు వదిలే సమయానికి మొదటి ఇంట్లోనూ, చివరి ఇంట్లోనూ ఒకేసారి బకెట్ పెట్టించి, ఎన్ని నిమిషాలకు నిండిందో రాయించండి. పై ఇళ్ల మోటార్లు ఆపించి ఒక రోజు, ఆపకుండా ఒక రోజు. అప్పుడు తప్పు లైనుదా, మోటార్లదా తేలుతుంది. అర్జీ నేను రాసిపెడతాను.

పంపుహౌస్ పిల్లాడు
సార్, ఆ మోటార్లు ఆపమని ఇంటింటికీ వెళ్లి చెప్పాల్సింది కూడా మా నాన్నలాంటివాళ్లేనా?

మాజీ ఏఈ
కాదు బాబూ. పంచాయతీ కార్యదర్శి వెళ్లాలి. అర్జీలో మొదటి వాక్యం అదే రాస్తాను. పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో కొంత భాగం నీళ్లు, పారిశుధ్యం పనులకే వాడాలి. అందులోంచి ఈ ఏడాది తాగునీటికి ఎంత ఖర్చయిందో, నీళ్లు వదిలే మనిషికి ఎన్ని నెలల జీతం బాకీ ఉందో చెప్పమని రెండో వాక్యం.