ముక్కు కాస్ట్యూమ్: తల బరువు, లోపల ఉక్క

సైనిక్‌పురి_సూది: 1973లో జపాన్‌లోని ఫూజీ టీవీలో మొదలైన 'హిరాకే! పొంకిక్కి' పిల్లల కార్యక్రమంలోని జంట తెలిసిందే కదా, పచ్చ డైనోసార్ గాచాపిన్, ఎర్ర మంచుమనిషి ముక్కు. (నవ్వకండి, పేరే అది.) ముక్కును కుడుతున్నాం. వేసుకునే మనిషి ఐదడుగుల ఆరు. థర్మోకోల్ గోళం మీద చేసిన తల మూడు కిలోలు దాటింది. మనిషి తల ఇటు తిప్పితే బొమ్మ తల అటే ఉండిపోతోంది. ప్రోగ్రాం ఏప్రిల్‌లో. ఫర్ (బొచ్చు గుడ్డ) ఎంత కావాలి, లోపలికి గాలి ఎలా?

స్పాంజి_శాస్త్రి: థర్మోకోల్ వదిలెయ్యండి. సింథటిక్ రబ్బర్ గమ్ తగిలితే అది కరుగుతుంది కూడా. అర అంగుళం సోఫా స్పాంజిని నారింజ తొనల్లా ఎనిమిది ముక్కలు కోసి, కలిసే రెండు అంచులకూ గమ్ రాసి, పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలికి అంటనప్పుడు నొక్కాలి. తడి మీద నొక్కారా, అతుకు తర్వాత నోరు తెరుస్తుంది.

తల తిరగకపోవడానికి కారణం లోపల పట్టు లేకపోవడం. రాణీగంజ్‌లో సైట్ హెల్మెట్ (బిల్డింగ్ పనివాళ్లు పెట్టుకునేది) కొనండి, వెనక తిప్పి బిగించే పట్టీ ఉన్నదే. ముందు అంచు కోసేసి, చిప్ప చుట్టూ నాలుగు స్పాంజి దిమ్మెలు పెట్టి బొమ్మ తలకు అంటించండి. మొత్తం కిలోన్నర దాటనివ్వొద్దు.

జనరల్‌బజార్_టైలర్: 60 అంగుళాల పన్నాలో ఐదారు మీటర్లు పడుతుంది. ముక్కలన్నిటికీ బొచ్చు కిందికే వాలాలి. ఒక్క చెయ్యి తిరగబడినా ఎండలో రంగు తేడా కొడుతుంది. కత్తెర ముట్టుకోకండి. వెనక వైపు గీసి, బ్లేడుతో అడుగు గుడ్డ మాత్రమే కోయాలి. కత్తెరైతే బొచ్చు కొసలు తెగి, కుట్టు వెంట క్షవరం చేసినట్టు గీత పడుతుంది. కుట్టేటప్పుడు బొచ్చు లోపలికి దోపండి, 16 నంబర్ సూది, కుట్టు పెద్దది. తర్వాత ఇరుక్కున్న బొచ్చును దువ్వెనతో బయటికి లాగితే అతుకు కనబడదు.

నెట్‌కిటికీ: కళ్లలోంచి చూసే ఆశ పెట్టుకోకండి. నోటి దగ్గర నల్ల నెట్ వేయండి. లోపల చీకటి ఉన్నంతవరకు బయటివాళ్లకు మొహం కనబడదు. కాళ్ల దగ్గర ఏముందో మాత్రం కనబడదు, అందుకని చెయ్యి పట్టుకుని నడిపే మనిషి తప్పనిసరి. మెట్లు, వైర్లు, పరిగెత్తుకొచ్చే పిల్లలు, అన్నీ ఆ మనిషే చూసుకోవాలి.

గాలికి దారి ముక్కు నెత్తినే ఉంది. కథలో ముక్కు తల మీదుండే ప్రొపెల్లర్ ఒళ్లు చల్లబరుచుకోవడానికే! దాని మొదట్లో రంధ్రం చేసి 5 వోల్టుల ఫ్యాన్లు రెండు, గాలి బయటికి పోయేలా బిగించండి. మొహానికి కొట్టేలా పెడితే ఉక్కే తిరుగుతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు నడుముకు. ఒక్క ఫ్యానే అయితే కరెంటు మరీ తక్కువ లాగుతుంది కాబట్టి కొన్ని బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. అయినా ఏప్రిల్ హైదరాబాద్‌లో పదిహేను నిమిషాలకు తల తీయాల్సిందే, ఓఆర్‌ఎస్ దగ్గరుంచండి.

సైనిక్‌పురి_సూది: నోరు కదిలించాలా? ఉతకడం?

స్పాంజి_శాస్త్రి: నోరు అక్కర్లేదు. మాట ముందే రికార్డు చేసి స్పీకర్లో వేసి, ఒంటిని దానికి తగ్గట్టు కదపండి. జపాన్ ఎన్‌హెచ్‌కే టీవీలో పిల్లల కార్యక్రమం 'ఇనై ఇనై బా'లోని కుక్క బొమ్మ వాన్‌వాన్‌కు లోపలి నటుడే గొంతు కూడా ఇచ్చాడు, అది వేరే లెవెల్. తల ఉతకొద్దు. లోపల 70 శాతం ఆల్కహాల్ స్ప్రే కొట్టి, నీడలో ఫ్యాన్ కింద బోర్లించకుండా ఆరబెట్టండి. ఒంటి ఫర్ చల్లనీళ్లలో చేత్తో. డ్రయ్యర్ వేడికి బొచ్చు కొసలు కరిగి ముద్దకడతాయి.