అద్దెకిచ్చే క్యాబిన్‌లో అమ్మానాన్న ఉన్న రోజులు కూడా అమెరికా టాక్స్ లెక్కలో మన సొంత వాడకం కిందకే వస్తాయా?

రాజమండ్రి_అట్లాంటా:
టెనెసీలో, సెవియర్‌విల్ దగ్గర మాకో చిన్న క్యాబిన్ ఉంది. నిరుడు 160 రోజులు అద్దెకి వెళ్లింది. మేం పిల్లలతో ఉన్నది 9 రోజులే. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎలాగూ బుకింగ్‌లు లేవు కదా అని ఓ 12 రోజులు అక్కడ ఉంచాం. ఇప్పుడు మా సీపీఏ (టాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్), సొంత రోజులు ఎక్కువయ్యాయని, ఈసారి క్యాబిన్ లాస్‌ని జీతం మీద తీసుకుని టాక్స్ తగ్గించుకోవడం కుదరదంటున్నారు. ఖాళీగా ఉన్న ఇంట్లో కన్నవాళ్లు ఉంటే డిడక్షన్ ఎందుకు పోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరికైనా ఇలా జరిగిందా?

కిసిమీ_పిన్ని:
మాకు జరిగిందండీ, ఫ్లోరిడా ఇంటితో. 14 రోజులు, లేదా సరైన ధరకి అద్దెకిచ్చిన రోజుల్లో 10 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది మన సొంత రోజులకి హద్దు. మీకైతే 16. అది దాటితే ఐఆర్‌ఎస్ (అమెరికా టాక్స్ శాఖ) దాన్ని మీ ఇల్లుగానే చూస్తుంది. ఖర్చులు అద్దె ఆదాయం వరకే చూపించాలి. మిగిలినది పోదు, వచ్చే ఏడాదికి వెళ్తుంది, కానీ అప్పుడూ ఆ ఇంటి అద్దె మీదే.
తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న రోజులన్నీ మనం ఉన్నట్టే. వాళ్లు ఆ ఇంట్లోనే కాపురం ఉంటూ బయటి ధర ప్రకారం అద్దె కడితేనే మినహాయింపు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నకి అది వర్తించదు. మా అత్తగారు నెల రోజులు ఉన్న ఏడాదే నాకు ఈ సంగతి తెలిసింది.

ఫ్రిస్కో_లెక్కలు:
అసలు మీరు లాస్‌ని జీతం మీద ఎలా తీసుకుంటున్నారు? మామూలు రెంటల్ అయితే ఆదాయం లక్షన్నర డాలర్లు దాటాక, లాస్‌ని 25,000 డాలర్ల దాకా జీతం మీద తీసుకునే వెసులుబాటు ఉండదు కదా.

రాజమండ్రి_అట్లాంటా:
సగటున మూడు రాత్రుల బుకింగ్‌లన్నా. ఏడు రోజుల లోపు కాబట్టి అది మామూలు రెంటల్ కింద రాదు, మనమే తగినంత పనిచేస్తే లాస్‌ని జీతం మీద తీసుకోవచ్చు. 100 గంటలు దాటి పనిచేశాను, క్లీనింగ్ ఆవిడ గంటలకన్నా నావే ఎక్కువ. అన్నీ రాసిపెట్టుకున్నాను. అందుకే ఇంత బాధ.

ఫ్రిస్కో_లెక్కలు:
గంటలు ఎన్ని ఉన్నా సొంత రోజులు హద్దు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. ముందు రోజులు సరిగ్గా లెక్కపెట్టండి. ఆ 9 రోజుల్లో రిపేరు పనులు చేసినవి ఉన్నాయా? రోజంతా పనిలోనే ఉంటే ఆ రోజు సొంత వాడకం కాదు, ఇంట్లోవాళ్లు సరదాగా గడిపినా సరే. ఇంకోటి, మీరూ అమ్మానాన్నా కలిసి ఉన్న రోజుని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. రోజంటే ఒక్కటే.

ఎడిసన్_వదిన:
మేం చేసిన తప్పు కూడా చెప్తాను, మరొకరికి పనికొస్తుంది. ఫ్రెండ్స్‌కి సగం ధరకి నాలుగు రోజులు ఇచ్చాం. అవి అద్దె రోజుల్లోంచి పోయి సొంత రోజుల్లో కలిశాయి, రెండు వైపులా దెబ్బ. గుడి నిధుల కోసం వేలంలో ఒక వీకెండ్ ఇచ్చాం, అదీ సొంతమే అన్నారు. మంచి పనికే ఇచ్చాం కదా అని చాలా కష్టమనిపించింది. మీ 160లో అలాంటివేమీ లేవు కదా?

రాజమండ్రి_అట్లాంటా:
లేవు వదినా, అన్నీ పూర్తి ధరకే.

అగస్టా_బాబాయ్:
ఏడాదిలో 15 రోజులకన్నా తక్కువే అద్దెకిస్తే ఆ ఆదాయం చూపించక్కర్లేదు, అద్దె ఖర్చులూ తీసుకోకూడదు. మా ఊళ్లో ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ వారం ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లకి ఇదే ఆధారం. మీకు కాదనుకోండి, చదివేవాళ్ల కోసం రాస్తున్నా.

రాజమండ్రి_అట్లాంటా:
ఫోన్‌లో ఫొటోలు ముందేసుకుని రాత్రంతా కూర్చున్నాను. 9 రోజుల్లో 4 రోజులు డెక్ పలకలు మార్చి రంగు వేసిన పనే. మిగతా 5లో 2 రోజులు అమ్మానాన్నతో కలిసే ఉన్నాం. అంటే 12, 3 కలిపి 15. కానీ నాలుగో రోజు పనికి రసీదూ ఫొటో ఏదీ దొరకలేదు.

కిసిమీ_పిన్ని:
అయితే ఆ రోజుని సొంతంలోనే వేసేయండి. 16 వస్తుంది. 16 అంటే హద్దు దాటినట్టు కాదండీ, దాటితేనే ఇబ్బంది. ఆధారం లేని రోజుని పట్టుకుని వేలాడద్దు.

ఫ్రిస్కో_లెక్కలు:
అవును. కాకపోతే ఖర్చుల పంపకం మాత్రం తప్పదు: అద్దె 160, సొంతం 16 కలిపి 176 రోజుల్లో 160, అంటే దాదాపు 91 శాతమే అద్దె ఖర్చు. ఖాళీ రోజులు ఇందులోకి రావు. బుకింగ్ సైట్ కమిషన్ పూర్తిగా అద్దె ఖర్చు కిందే వస్తుంది. మిగతా 9 శాతం మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) వడ్డీని మాత్రం సెకండ్ హోమ్ కింద తీసుకోలేరు, హద్దు దాటలేదు కాబట్టి అది మీ ఇల్లుగా లెక్కకి రాదు.

రాజమండ్రి_అట్లాంటా:
సీపీఏకి పంపాను, రసీదులు, తేదీలతో సహా. ఒప్పుకున్నారు. జూన్‌లో అమ్మానాన్న మళ్లీ వస్తున్నారు. ఈసారి మా సెలవులూ వాళ్ల రోజులూ ఒకే వారంలో పెట్టుకుంటున్నాం, ఫ్రిజ్ మీద క్యాలెండర్ తగిలించాను.