యూనికోడ్‌లో కొట్టమంటే డీటీపీ వాళ్లు ఎందుకు కదలరు?

ప్రశ్న: మా సాహితీ సంస్థ త్రైమాసిక పత్రిక పదిహేనేళ్ల సంచికలు 'అను' అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్ల ఫైళ్లలో ఉన్నాయి. ఒక కథ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అంతా పిచ్చి గీతలే. ఇకనుంచి ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో కొట్టండంటే ముగ్గురు ఆపరేటర్లూ "అలాగేనండి" అంటారు. ఫైలు మాత్రం మళ్లీ అనులోనే వస్తుంది. ఏం చేయాలి?

జవాబు: నేనూ పేజీలు పెట్టేవాణ్ణే కాబట్టి ముందు వాళ్ల తరఫున ఒక మాట. అనులో మీకు కనిపించే 'మ' కంప్యూటరుకు 'మ' కాదు. ఇంగ్లిషు అక్షరాల చోట్లలో తలకట్టు, కొమ్ము, ఒత్తు విడివిడి ముక్కలుగా కూర్చిన బొమ్మ. యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 1991లోనే 128 స్థానాలు కేటాయించారు. అయినా మేం కదల్లేదు. మా పని కాగితం మీద బాగుంటే చాలు, ఫైల్లో వెతికేదెవరు? పైగా మేం పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్, 2001 నాటి వెర్షన్‌తో ఆగిపోయిన పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అసలు రాదు. అప్పట్లో దినపత్రికల వెబ్‌సైట్లదీ ఇదే తంతు, ఎవరి ఫాంటు వాళ్లదే. అవి చదవడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లో, ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' వేసుకున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు.

ఇప్పుడు మీ దగ్గరా అంతే. వెతుక్కునే సుఖం మీది, చెయ్యి మార్చుకునే కష్టం వాళ్లది.

ప్రశ్న: పేజీకి కొంత ఎక్కువ ఇస్తామన్నా వినలేదండీ.

జవాబు: డబ్బు సంగతి తర్వాత. ఒక్కరే మారితే మిగతా ఇద్దరి ఫైళ్లు ఆయనకు అతకవు, దిద్దుబాట్లకు నరకం. అందుకే ఎవరూ ముందు దిగరు. ఫలానా సంచిక నుంచి ముగ్గురూ ఒకేసారి అని తేదీ పెట్టండి. అనులో వాళ్లకు అలవాటైన 'యాపిల్' అనే కీల అమరికతోనే యూనికోడ్ కొట్టే కీబోర్డు సాఫ్ట్‌వేర్లున్నాయి, వేళ్ల అలవాటు పోదు. పేజీలు పెట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, భారతీయ లిపులను సరిగా కూర్చే 'వరల్డ్ రెడీ కంపోజర్' సెట్టింగ్ పెట్టమనండి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి. అది చూసే చాలామంది "యూనికోడ్ పనికిరాదు" అని తేల్చేస్తారు.

ప్రశ్న: మరి పాత సంచికలు?

జవాబు: అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. ఫైలు అను 6వ వెర్షన్‌దా, 7దా ముందు చూసుకోండి, ఏ ముక్క ఏ చోట ఉందన్న మ్యాపింగ్ రెంటికీ వేరు. మార్చాక ప్రూఫ్ చూసి తప్పులు దిద్దక తప్పదు. అన్నీ ఒకేసారి నెత్తిన వేసుకోకండి. ముందు విషయసూచికలు మార్చేయండి. ఏ కథ ఏ సంచికలో ఉందో దొరికితే మీకు సగం పని అయినట్టే.