ఆముదం ఆకుల మీద పాము గీతలు: ఇది ఏ ఈగనో ఎట్ల తెల్సుకోవాలె?

కల్వకుర్తి_ఆముదం
అందరికి నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర ఊరు, డిగ్రీ ఆఖరి సంవత్సరం, జువాలజీ. మా నాయిన మూడెకరాల్ల ఆముదం ఏసిండు, మొలిచి ఇరవై రోజులు గూడ కాలే, మొదటి ఆకుల మీదనే తెల్లగ వంకర గీతలొచ్చినయ్, పాము పాకినట్టు. ఆకును ఎండకు పట్టి చూస్తే గీత చివర్ల చిన్న పసుపు పురుగు మెల్లగ కదుల్తున్నది, కాళ్లు లేవు. మా మామది దేవరకొండ పక్కన బత్తాయి తోట, అక్కడ లేత చిగుర్ల మీద కూడ అచ్చం ఇట్లనే ఉన్నయి. మందుల షాపాయన రెండూ ఒకటే పురుగని చెప్పి ఇద్దరికీ ఒకటే డబ్బా ఇచ్చిండు. నెట్ల చూస్తే ఒకకాడ లిరియోమైజా ట్రైఫోలియై అని, ఒకకాడ లిరియోమైజా సటైవే అని, ఇంకోకాడ ఫిల్లోక్నిస్టిస్ అని ఉన్నది. నా ప్రాజెక్టు గూడ దీని మీదనే చేద్దామని ఉన్నది, అందుకే పేరు తప్పు రాయొద్దని నా బాధ. గీతను చూసి జాతి చెప్పొచ్చా?

బత్తాయి_తోట_నల్లగొండ
బిడ్డా, బత్తాయి సంగతి నేను చెప్త, పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న. దాంట్ల ఉన్నది ఈగ పిల్ల కాదు, వెండి రంగు రెక్కల పురుగు పిల్ల. గీత వెండి లెక్క మెరుస్తది, గీత నడుమ దాని రెట్ట ఒకటే నల్ల దారం లెక్క పోతది. పెద్దగైనంక కిందికి దిగదు, ఆకు అంచును మడుసుకొని ఆ మడతలనే గూడు కట్టుకుంటది. మీ మామను అంచు ముడుసుకున్న ఆకులు ఒక పది తెంపి ఆ మడత విప్పి చూడుమను, లోపల్నే దొరుకుతది. లేత చిగురు తప్ప ముదురాకును ముట్టదు. ఆ గీతలు పడ్డ కాడికెళ్లి గజ్జి తెగులు గూడ ఎక్కుతది, నిమ్మల ఐతే ఇంకా ఎక్కువ. నీ ఆముదం సంగతి మాత్రం నాకు తెల్వదు, తెల్సినోళ్లు చెప్తరు.

పురుగుల_డబ్బా
పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బత్తాయిది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా, అసలు ఈగల వరుసలకే రాదు. చెల్లె, నీ ఆముదం మీదిది మాత్రం ఈగనే, ఆగ్రోమైజిడే కుటుంబం, నువ్వు చెప్పిన లిరియోమైజాలు రెండూ దీంట్లయే. కాళ్లు లేకపోవుడు ఒక్కటే గుర్తు కాదు, తలకాయ చూడు. ఈగ పిల్లకు గట్టి తల ఉండదు, ముందట రెండు నల్ల కొక్కేలు మాత్రం ఉంటయి, పక్కకు ఒరిగి పండుకొని ఆ కొక్కేలతోని ఆకు లోపలి పచ్చదనాన్ని గీక్కుంట పోతది, అందుకే రెట్ట గీతకు ఒకసారి ఈ పక్క ఒకసారి ఆ పక్క పడ్తది. మూడు మిల్లీమీటర్ల దాక పెరిగినంక ఆకుకు గాటు పెట్టి మట్టిల పడి అక్కడ గూడు (ప్యూపా) ఐతది.

ఈ కుటుంబం మన పాలమూరుకు కొత్తది కాదు. కందికాయల గింజ తినే కాయ ఈగ, మెలనాగ్రోమైజా అబ్టూసా, ఇదే కుటుంబం. చిక్కుడు, బబ్బెర మొలకల కాండం తొలిచే ఈగ గూడ ఇదే. ఆకు తొలిచేటియి అన్నీ ఒక్క తీరు ఉండవు, ఆకు మందాన్ని బట్టి, ఒక ఆకుల ఎన్ని పిల్లలున్నయో దాన్ని బట్టి గీత మారుతది, కాబట్టి గీత ఫొటో పట్టుకొని జాతి పేరు రాసుడు తప్పు.

పంటను చూసి గూడ రాయొద్దు. ట్రైఫోలియై పేరు క్లోవర్ గడ్డి నుంచి వచ్చింది, 1880ల పెట్టిన పేరు. సటైవేకు 1938ల లూసర్న్ గడ్డి పేరు పెట్టిండ్రు. తినేకాడ మాత్రం రెండూ టమాట, చిక్కుడు, దోస ఏదీ ఇడ్సిపెట్టవు. ట్రైఫోలియై అమెరికా వైపుది, మన దేశానికి 1990 ప్రాంతంల వచ్చింది, ఆముదం దానికి బాగ ఇష్టం. అందుకే నీకు అదే అని నా మనసు చెప్తున్నది, కాని మనసు చెప్పింది ప్రాజెక్టుల రాయలేం కదా.

ఈగను పుట్టించు. గీతలున్న ఆకులు కోసి డబ్బాల వెయ్, కింద కాయితం పరువు, మూతకు పల్చటి బట్ట కట్టు. పసుపు గోధుమ రంగు గింజల్లాంటియి రాల్తయి, అవే గూళ్లు. ఈగలు బయటికొచ్చినంక ఒక దినం ఆగు, రంగు కుదురుకోవాలె, తొందరపడి సారాయిల వేస్తే పసుపా నలుపా తేలదు. తర్వాత భూతద్దం కింద వీపు చూడు. బూడిద పూసినట్టు మెరుపు లేకుంట ఉంటే ట్రైఫోలియై వైపు, నిగనిగ నలుపు ఉంటే సటైవే వైపు. ఇంకో గుర్తు, నడినెత్తి మీద రెండు పక్కల రెండేసి పెద్ద వెంట్రుకలుంటయి, ట్రైఫోలియైకి రెండూ పసుపు మీద మొలుస్తయి, సటైవేకు బయటిది నలుపు మీద మొలుస్తది. ఖాయం చెయ్యాలంటే మగ ఈగ కావాలె, దాని జననాంగం విప్పి మైక్రోస్కోపుల చూడాలె, లేదంటే డీఎన్ఏ పరీక్ష. ఆడదాని ఒక్కదాంతోని తేల్చేస్తామంటే నేనైతే ఒప్పుకోను.

దేవరకద్ర_కంది
నాకు ఒక ముచ్చట చెప్పుండ్రి. నిరుడు మా ఆముదానికి మూడు సార్లు మందు కొట్టిన, గీతలు తగ్గుడు కాదు, ఇంకా ఎక్కువైనయి. పిల్ల ఆకు లోపల ఉంటది కాబట్టి మందు తగుల్తలేదా?

పురుగుల_డబ్బా
అన్నా, అదీ ఉన్నది, కాని దానికంటె పెద్ద సంగతి ఇంకోటి. ఈ పిల్లల మీద గుడ్లు పెట్టే చిన్న చిన్న కందిరీగల జాతి పురుగులు మన చేన్లల్ల ఉంటయి, ఈగను అదుపుల పెట్టేది అవే. అన్నింటినీ చంపే మందు కొడితే బయట తిరిగే అవే ముందు సస్తయి, ఆకు లోపలి పిల్ల బతుకుతది. కొద్దిగ గీతలు కనపడంగనే డబ్బా పట్టుకోకుండ్రి, ఆముదం ఆకు పెద్దది, చెట్టు కొంచెం ఓర్చుకుంటది. మరీ లేత మొక్కల్ల మొత్తం ఆకు తెల్లగైతుంటే అప్పుడు వేపనూనె లాంటిది ఆలోచించాలె.

కల్వకుర్తి_ఆముదం
పన్నెండు దినాల తర్వాత రాస్తున్న. ముప్పై గూళ్లు ఏరిన, పదిహేడు ఈగలొచ్చినయి, ఆరు గూళ్లల్లకెళ్లి మాత్రం ఈగకు బదులు సన్నటి కందిరీగల లాంటియి వచ్చినయి! మా నాయినకు చూపిస్తే చాన సేపు డబ్బా పట్టుకొని చూసిండు, మందు కొట్టుడు ఆపిండు. ఈగల వీపు బూడిద రంగే, మెరుపు లేదు, నెత్తి మీద రెండు వెంట్రుకలూ పసుపు మీదనే ఉన్నయి. ఐదు మగయి పక్కకు పెట్టిన, సోమవారం మా మేడంతోని కూసొని విప్పి చూస్తం. అప్పటిదాక నోటుబుక్కుల లిరియోమైజా అని మాత్రమే రాసి జాతి పేరు కాడ ఖాళీ ఇడ్సిన. మామ బత్తాయి ఆకు మడతల నుంచి మాత్రం చిన్న వెండి రంగు రెక్కల పురుగు వచ్చింది, పెద్దాయన చెప్పినట్టే. ఆ కందిరీగలు ఏ జాతియో ఎట్ల తెల్సుకోవాలె, వాటిని గూడ సారాయిల్నే పెట్టాల్నా?