పీసీఆర్‌లో సాల్మొనెల్లా పాజిటివ్, ప్లేటు మీద ఏమీ లేదు. ఈ రొయ్యల లాట్ ఆపాలా?

రొయ్యల_ల్యాబ్:
భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో మూడేళ్లుగా మైక్రోబయాలజీ చూస్తున్నాను. సోమవారం ఒక వనామీ లాట్ నుంచి సాల్మొనెల్లా (తింటే విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా) కోసం ఐదు శాంపిళ్లు పెట్టాను. 25 గ్రాముల రొయ్య, 225 మి.లీ. పెప్టోన్ వాటర్ బ్రాత్ (బ్యాక్టీరియాని పెంచే ద్రవం), 37 డిగ్రీల్లో 18 గంటలు. మంగళవారం ఒక దాంట్లో పీసీఆర్ (డీఎన్‌ఏని వెతికే పరీక్ష) పాజిటివ్ వచ్చింది, సీటీ 34 (34వ సైకిల్‌కి గానీ డీఎన్‌ఏ కనిపించలేదు, అంటే బాగా తక్కువ). అదే బ్రాత్‌ని ఆర్‌వీఎస్‌లో (సాల్మొనెల్లాని ఎంచి పెంచే ద్రవం) వేసి ఎక్స్‌ఎల్‌డీ అగార్ ప్లేటు మీద గీశాను. సాల్మొనెల్లా ఉంటే దాని మీద మామూలుగా నల్ల కాలనీలు వస్తాయి. ఇవాళ గురువారం, నల్ల కాలనీ ఒక్కటీ లేదు.

"చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ అయ్యుంటుంది, ఇంకో బ్యాగు తీసి చెయ్యమ్మా" అంటున్నారు మేనేజర్ గారు. శనివారం కంటైనర్ లోడింగ్. లాట్ ఆపితే ముందు మాట పడేది పీలింగ్ షెడ్డులో ఆడవాళ్ల మీదే. పంపితే తినేవాళ్ల సంగతేంటి? రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

పాత_క్యూసీ:
ఆపండమ్మా. ఇంకో బ్యాగు నెగెటివ్ వస్తే ఆ బ్యాగు బాగుందని అర్థం, అంతే. ఈ బ్యాక్టీరియా లాటంతా సమానంగా పరుచుకుని ఉండదు. 25 గ్రాముల్లో ఒక్కటి కూడా ఉండకూడదన్నది నిబంధన.

మీ మేనేజర్ గారు అన్నదీ కొట్టిపారేయలేం. పీసీఆర్‌కి చచ్చిందేదో బతికిందేదో తెలియదు. అయితే ఫ్రీజింగ్‌లో దెబ్బతిన్న బ్యాక్టీరియా తేరుకోవడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే సీటీ అంత ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టిన పెప్టోన్ బ్రాత్ ఉంటే ఆర్‌వీఎస్‌తో పాటు ఎమ్‌కేటీటీఎన్‌లో (అలాంటిదే ఇంకో ద్రవం) కూడా వేయండి. ఎక్స్‌ఎల్‌డీతో పాటు ఇంకో రకం అగార్ మీదా గీయండి. నలుపు కోసమే వెతకొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేయని సాల్మొనెల్లా ఎక్స్‌ఎల్‌డీ మీద గులాబీ రంగులోనే ఉంటుంది. నేను ఒకసారి అలాగే చూసి వదిలేశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

హేచరీ_పీసీఆర్:
కాకినాడ వైపు హేచరీ ల్యాబ్‌లో తెల్లమచ్చ వైరస్ పీసీఆర్ చేస్తుంటాను. ముందు మీ నెగెటివ్ కంట్రోల్ (శాంపిల్ వేయని ట్యూబు) చూసుకోండి. డీఎన్‌ఏ తీసే బల్ల, మిక్స్ కలిపే బల్ల ఒకటే అయితే పక్క ట్యూబు నుంచి కూడా పాజిటివ్ వస్తుంది.

రొయ్యల_ల్యాబ్:
కంట్రోల్స్ శుభ్రంగానే ఉన్నాయండి, బల్లలూ వేరే. పాత_క్యూసీ గారూ, మీరు చెప్పినట్టే మళ్లీ పెట్టాను. ఇవాళ శనివారం ఎమ్‌కేటీటీఎన్ నుంచి గీసిన ప్లేటు మీద గులాబీ కాలనీలు నాలుగు కనిపించాయి, మధ్యలో నలుపు లేదు. సాల్మొనెల్లా సీరమ్‌తో కలిపితే స్లైడు మీద గడ్డకట్టాయి, అది సాల్మొనెల్లా అనడానికి గుర్తు. ప్లేటు తీసుకెళ్లి మేనేజర్ గారి ముందు పెట్టాను. చూసి, లాట్‌ని హోల్డ్‌లో పెట్టించారు. కంటైనర్‌లోకి వేరే లాట్ ఎక్కుతోంది.

ఇప్పుడు ఐస్, వాష్ ట్యాంకు నీళ్లు, టేబుళ్ల స్వాబ్‌లు పెడుతున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా షెడ్డులో ఎవరినీ ఒక్క మాట అనొద్దని అడిగాను.