ఇళ్ల మీద సోలార్ పెడితే దేశానికి ఇంధన స్వావలంబన వస్తుందా?

తెనాలి వాసి:

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టించాలన్నది లక్ష్యం, 75 వేల కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చు. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేలకు మించకుండా సబ్సిడీ. పెట్టించుకున్న ఇంటికి లాభమేనని ఇక్కడ చాలామంది ఒప్పుకుంటారు. నా ప్రశ్న అది కాదు. దేశం ఇంధనం కోసం బయటివాళ్ల మీద ఆధారపడకుండా చేసే మార్గంగా కూడా దీన్ని చెబుతున్నారు. ఆ మాట నిలుస్తుందా?

నిలుస్తుందనే నేనంటాను. కాకపోతే డాబా మీద పుట్టిన కరెంటు వంటింట్లోకీ, బండిలోకీ వెళ్లాలి. మనం వాడే ముడి చమురులో 85 శాతం పైగా దిగుమతే. వంట గ్యాస్‌లోనూ సగానికి పైగా బయట నుంచే వస్తోంది, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచి. చమురుతో కరెంటు తయారు చేయడం మన దగ్గర దాదాపు లేదు. కరెంటులో డెబ్బై శాతానికి అటూఇటుగా బొగ్గుదే, ఆ బొగ్గులో ఎక్కువ భాగం మనదే. కాబట్టి ప్యానెల్ కరెంటుతో ఫ్యాన్లు, ఏసీలు మాత్రమే నడుపుకుంటే చమురు దిగుమతి ఒక్క పీపా కూడా తగ్గదు. గ్యాస్ పొయ్యి స్థానంలో ఇండక్షన్, పెట్రోల్ బండి స్థానంలో ఎలక్ట్రిక్ వచ్చినప్పుడే తగ్గుతుంది. మీరేమంటారు?

గడివేముల రైతుబిడ్డ:

చమురు సంగతి ఒప్పుకుంటాను. అసలు ఇళ్ల మీదే ఎందుకన్నది నా అభ్యంతరం. మా కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ల పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే పూర్తయింది. అంతా ఒకే చోట. ప్యానెళ్లు కడగడానికి మనుషులుంటారు, పాడైతే చూడటానికి ఇంజినీర్లుంటారు. అదే వెయ్యి మెగావాట్లు ఇళ్ల మీద రావాలంటే మూడు కిలోవాట్ల చొప్పున మూడు లక్షల ముప్పై వేల ఇళ్లు ఎక్కాలి. ఇంటింటికీ దరఖాస్తు, లోను, నెట్ మీటరు (వాడిన కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కగట్టే మీటరు), సబ్సిడీ కోసం ఎదురుచూపు. 2022 నాటికి భవనాల మీద 40 వేల మెగావాట్లు పెడతామని కేంద్రం చెప్పింది. గడువు నాటికి అందులో పావు వంతు కూడా రాలేదు. ఈ లోపు పెద్ద పార్కులు చాలా ముందుకెళ్లిపోయాయి.

ఇంకొకటి, ఆ ప్యానెల్ ఎక్కడిది? సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లే వాడాలన్న నిబంధన ఉంది, మంచిదే. కానీ సెల్‌కి ముందు వేఫర్ అనే పలుచని సిలికాన్ పలక కావాలి, దానికి ముందు పాలీసిలికాన్ అనే శుద్ధి చేసిన సిలికాన్ కావాలి. ప్రపంచంలో వీటి తయారీ ఎనభై శాతానికి పైగా చైనా చేతిలో ఉంది. గల్ఫ్ మీద ఆధారపడటం మానేసి చైనా మీద ఆధారపడితే దాన్ని స్వావలంబన అనగలమా?

తెనాలి వాసి:

రెండూ ఒకటి కాదండీ. చమురు ప్రతిరోజూ కొనాలి. ప్యానెల్ ఒకసారి కొంటే పాతికేళ్లు పనిచేస్తుంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం నడిచినప్పుడు గల్ఫ్ చమురు ఓడలు వచ్చే హార్ముజ్ జలసంధి మూసేస్తారేమోనని ప్రపంచమంతా టెన్షన్ పడింది. రేపు చైనా వేఫర్లు ఆపేస్తే కొత్త ప్యానెళ్లు ఆలస్యమవుతాయి, డాబా మీద ఉన్నవి మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. వేఫర్లు ఇక్కడే తయారు కావాలన్న మీ మాట నిజమే, అది జరిగి తీరాలి.

పార్కుల విషయానికొస్తే, మీ గని, శకునాల పార్కుకు పట్టిన భూమి ఆరు వేల ఎకరాలకు దగ్గర. ఉలవపాడు మండలం కరేడులో సోలార్ పరికరాల పరిశ్రమకు భూసేకరణ అంటే 2025లో రైతులు హైవే మీదకొచ్చారు. డాబాకు భూసేకరణ అక్కర్లేదు.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:

అందరికీ నమస్కారం. డిస్కంలో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. స్తంభం దగ్గర ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

ఒక వీధికి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉందనుకోండి. దాని కింద ఇరవై ఇళ్లవాళ్లు తలా మూడు కిలోవాట్లు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండింటికి సగం ఇళ్లకు తాళాలుంటాయి. తాళం లేని ఇంట్లో ఆడేది ఒక ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు. మిగిలిన కరెంటంతా ఎదురు తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ వైపు వస్తుంది. లైను చివరి ఇంట్లో వోల్టేజీ పెరిగి పరిమితి దాటగానే, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ కలుస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఆ ఇంటాయన మంచి ఎండలో మీటరు ముందు నిలబడి, లైనుకు పంపిన యూనిట్ల అంకె కదలడం లేదని ఫోన్ చేస్తాడు. ప్యానెళ్లు బాగానే ఉంటాయి. తీగ సన్నం, దూరం ఎక్కువ. తీగ మార్చాలి, లేదా ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ వేయాలి.

పది కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లో కేంద్రం నిబంధన మార్చింది. దరఖాస్తులు త్వరగా కదులుతాయి, సంతోషం. ఐదు కిలోవాట్ల దాకా లైను బలపరిచే ఖర్చు డిస్కమే పెట్టుకోవాలని కూడా అందులోనే ఉంది. ఆ డబ్బు డిస్కంకి ఎక్కడి నుంచి రావాలో కూడా మీరు ఇక్కడ మాట్లాడాలి.

సాయంత్రం ఆరున్నర తర్వాత లోడు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పటికి ఎండ ఉండదు. అదంతా ఎక్కువగా బొగ్గే మోయాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వీధిలో కరెంటు పోతే ప్యానెళ్లున్న ఇంట్లో కూడా పోతుంది. మా లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని, అంటే లైనులో సప్లై ఆపించి, స్తంభం ఎక్కాక ఏ ఇంటి నుంచో కరెంటు వెనక్కి వస్తే ప్రాణం పోతుంది. అందుకని లైనులో సప్లై ఆగిన వెంటనే ఇన్వర్టర్ ఆగేలా చేస్తారు. బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకున్నవాళ్లు ఇంటి వరకు నడుపుకోవచ్చు, అది ఖరీదు. దయచేసి ఎవరి మాటా విని ఆ రక్షణ తీయించకండి.

ఓరుగల్లు ఆడబిడ్డ:

పెద్దాయన అడిగిన డబ్బు ప్రశ్నే అసలు ప్రశ్న. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా 2024 నుంచి బిల్లు లేదు. అలాంటి ఇంటివాళ్లు లోను తీసుకుని ప్యానెల్ ఎందుకు పెడతారు? పెట్టేది బిల్లు వేలల్లో వచ్చేవాళ్లే. ఆంధ్రాలో శ్లాబులు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, 400 దాటితే రూ.9.75. పై శ్లాబువాళ్లు కట్టే ఎక్కువ డబ్బే కింది శ్లాబును మోస్తోంది. వాళ్లందరూ సోలార్‌కి వెళ్లిపోతే లైన్ల ఖర్చు, సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? ట్రూ అప్ ఛార్జీల (డిస్కంకి అంచనాకు మించి అయిన పాత ఖర్చును తర్వాత బిల్లులో వేయడం) పేరుతో ఇప్పటికే జనం విసిగిపోయి ఉన్నారు.

ఇది ఊహ కాదు. పాకిస్తాన్ 2024 ఒక్క ఏడాదిలో దాదాపు 17 వేల మెగావాట్ల ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. కలిగినవాళ్ల ఇళ్లు, ఫ్యాక్టరీలు సోలార్‌కి మారాయి. గ్యాస్ వాడకం పడిపోయి ఖతార్ నుంచి రావాల్సిన ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజ వాయువు) ఓడలను వాయిదా వేయించుకున్నారు. దిగుమతి తగ్గిందా అంటే తగ్గింది. కానీ కరెంటు కొన్నా కొనకపోయినా విద్యుత్ కేంద్రాలకు కట్టాల్సిన స్థిర ఛార్జీలు తగ్గలేదు. గ్రిడ్ మీద మిగిలినవాళ్లు, అంటే డాబా లేనివాళ్లు, అవి మోస్తున్నారు. అలాంటి స్వావలంబన నాకొద్దు.

నేను సోలార్‌కి వ్యతిరేకం కాదు. ఉచిత కరెంటుకు ప్రభుత్వం ఏటా డిస్కంకి కట్టే డబ్బులో కొంత తీసి, ఆ పేద ఇంటి కప్పు మీదే ప్యానెల్ పెట్టమంటున్నాను. ఆంధ్రాలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామన్నారు. నాకు నచ్చిన దారి అది. మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి, మూడంతస్తుల మేడ నుంచి కాదు.

కూకట్‌పల్లి అద్దె ఇల్లు:

మాలాంటివాళ్ల సంగతీ చూడండి. అరవై ఫ్లాట్లకు ఒకటే టెర్రస్, అందులో సగం నీళ్ల ట్యాంకులు, లిఫ్ట్ గది. అద్దెకుండేవాళ్లకు ఆ మిగిలిన సగం మీద కూడా హక్కు లేదు. ఒకచోట పెట్టిన ప్యానెళ్ల యూనిట్లను పదిమంది బిల్లుల్లో పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ ఢిల్లీలో ఉంది. అది ఇక్కడ మామూలు జనానికి అందేదాకా ఈ పథకం సొంతిల్లు ఉన్నవాళ్లదే.

గడివేముల రైతుబిడ్డ:

ఓరుగల్లు అక్క చెప్పిన దానితో నా వాదన ఇంకా బలపడింది. పార్కులో పుట్టిన చౌక కరెంటు డిస్కం కొంటే ఆ చౌక అందరికీ అందుతుంది, సొంత డాబా ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. సాయంత్రం లోడుకు కూడా మా ప్రాంతంలోనే జవాబుంది. పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పై రిజర్వాయర్‌కి ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. ఇంటింటికీ బ్యాటరీ పెట్టడం కన్నా ఇది నయం.

తెనాలి వాసి:

పిన్నాపురం లాంటివి కావాలి, కాదనను. కానీ అక్కడి నుంచి మా ఊరికి కరెంటు రావాలంటే దారిలో లైన్లు కావాలి, దారిలో నష్టం ఉంటుంది. డాబా మీదది పక్కింట్లోనే ఖర్చయిపోతుంది, పగలు వాడేవాళ్లుంటే. పెద్దాయన చెప్పిన మధ్యాహ్నం సమస్యకు నాకు తోచిన జవాబు కూడా అదే. ఎలక్ట్రిక్ స్కూటర్ వంద కిలోమీటర్లకు మూడు యూనిట్లు, కొంచెం అటూఇటుగా తీసుకుంటుంది. ఒక గ్యాస్ సిలిండర్ చేసే వంటకు ఇండక్షన్ మీద వంద, నూట ఇరవై యూనిట్లు అవుతాయని నా లెక్క. మూడు కిలోవాట్ల ప్యానెల్ మన ఎండకు నెలకు 300 యూనిట్ల పైన ఇస్తుంది. బండి ఛార్జింగ్, నీళ్ల మోటారు, కుదిరినంత వంట పగటికి మారితే ఎదురొచ్చే కరెంటు తగ్గుతుంది, గల్ఫ్ గ్యాసూ తగ్గుతుంది. పగలు వాడిన యూనిట్‌కి ఇళ్లకు కూడా తక్కువ రేటు పెడితే జనం వాళ్లే మారతారు.

ఓరుగల్లు సోదరి గారి మాటకు పూర్తిగా ఒప్పుకుంటున్నాను, ఒక్క షరతుతో. పేదింటికి పెట్టిన ప్యానెల్‌తో పాటు ఇండక్షన్ పొయ్యి కూడా ఇవ్వాలి. సిలిండర్ సబ్సిడీ డబ్బు అటు మళ్లించవచ్చు.

ఓరుగల్లు ఆడబిడ్డ:

పొయ్యి ఇస్తే సరిపోదు తమ్ముడూ. దానికి అడుగు చదునుగా ఉన్న గిన్నెలు కావాలి, 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, పాత వైరింగ్ మార్చాలి. మా వాడలో చాలా ఇళ్లకు ఒక్క బల్బు, ఒక్క ఫ్యాను లెక్కన లాగిన వైర్లే ఇంకా ఉన్నాయి. ఆ ఖర్చు కూడా పథకంలో రాయించండి.

రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్:

వైరింగ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం, ఎర్తింగ్ కూడా కలపమ్మా. డిస్కంలు ఏటా వచ్చే సంవత్సరం ఆదాయం, ఖర్చుల లెక్కలు ఈఆర్‌సీకి, అంటే కరెంటు రేట్లు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. వాటి మీద ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, బహిరంగ విచారణలో నిలబడి మాట్లాడవచ్చు. రైతు సంఘాలవాళ్లు వస్తారు, పరిశ్రమలవాళ్లు లాయర్లతో వస్తారు. ఇళ్లవాళ్లు వచ్చింది నేను తక్కువ చూశాను. పగటి రేటు, తీగల ఖర్చు, అద్దె ఇళ్ల సంగతి, ఈ మూడూ అక్కడ అడగాల్సినవే. రాసేవాళ్లుంటే లైన్ల సంగతి వరకు నేను సాయం చేస్తాను.