చెవిలోన జోరీగ సరే, దుప్పి ఒంటి మీదిది ఏ ఈగ?

కర్నూలు నుంచి:
డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం పాఠం తెలుగులో రాస్తూ ఒక పురుగు దగ్గర ఇరుక్కుపోయాను. యూరప్ అడవుల్లో దుప్పుల రక్తం తాగే ఈగ అది, శాస్త్రీయ నామం లైపోప్టెనా సెర్వి. నేను ‘జింక జోరీగ’ అని రాస్తే మా సార్ కొట్టేసి ‘జింక పిడుదు’ అని పెట్టారు. నాకు రెండూ కుదిరినట్టు లేవు. అది రెక్కలతో ఎగిరొచ్చి దుప్పి మీద వాలుతుంది. వాలినాక రెక్కలు విరిగి రాలిపోతాయి. ఇక ఆ వెంట్రుకల్లోనే పాకుతూ బతుకుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లపురుగును కడుపులో పెంచి ఒక్కొక్కటిగా కంటుంది. వాక్యం ఇలా ఉంది: ‘జింకలకు బార్టొనెల్లా బాక్టీరియాను వ్యాపింపజేసే జోరీగ.’

కదిరి నుంచి:
కటారుపల్లి వేమన సమాధి మాకు దగ్గరే కాబట్టి నా వాటా పద్యం. ‘చెప్పులోన రాయి చెవిలోన జోరీగ, కంటిలోన నలుసు కాలిముల్లు’. రాయి, నలుసు, ముల్లు గుచ్చుకుని బాధపెడతాయి. జోరీగ ఒక్కటే మోతతో ప్రాణం తీస్తుంది. ‘ఇంటిలోన పోరు’ వెంటనే వచ్చేది అందుకేనేమో! చప్పుడు లేకుండా వెంట్రుకల్లో పాకేదాన్ని జోరీగ అంటే వేమన ఒప్పుకోడు.

ఆళ్లగడ్డ నుంచి:
పిడుదు కూడా కాదన్నా. మా ఇంట్లో గొర్లున్నాయి. పిడుదు ఒకచోట మూతి దిగేసి కూర్చుంటుంది, గట్టిగా పీకితే మూతి ఒంట్లోనే తెగిపోతుంది. మీరు చెప్పేది తిరుగుతా ఉంది కదా. పైగా పిడుదుకు ఎనిమిది కాళ్లు, సాలీడు చుట్టం. ఈగకు ఆరే. ఈగగా వచ్చి పేనుగా బతుకుతోంది కాబట్టి ‘పేనీగ’ అనండి. జోరీగ అనే మాట పక్కన నిలబెట్టినా ఈ మాట బాగుంది.

ఇంకొకటి, ‘జింక’ తీసెయ్యండి. మాకు జింక అంటే రోళ్లపాడు కృష్ణజింక. దానికి కొమ్ములు రాలవు. ఏటా కొమ్ములు రాల్చేది నల్లమల దుప్పి, కణితి. మీ పాఠంలోది ఆ కుటుంబమే.

కడప నుంచి:
నాకు పేరు కంటే క్రియ మీద పేచీ ఉంది. జర్మనీలోని షోన్‌బుఖ్ అడవిలో రో డీర్ అనే చిన్న దుప్పుల రక్తంలో దొరికిన బార్టొనెల్లా రకానికి 2001లో ఆ అడవి పేరే పెట్టారు. 2004లో అదే బాక్టీరియాను ఈ ఈగలోనూ పట్టుకున్నారు. ఈగలో దొరికింది, సరే. రక్తం తాగిన పురుగు కడుపులో ఆ రక్తంలోని బాక్టీరియా దొరకడం వింతా? దాన్ని ఇంకో జంతువుకు అంటించిందని చెప్పాలంటే వేరే రుజువు కావాలి. మనకు ‘మోయడం’ వేరు, ‘అంటించడం’ వేరు. ‘వ్యాపింపజేసే’ అని రాస్తే ఆ తేడా పోతుంది. పిల్లలు పరీక్షలో అదే రాస్తారు, మార్కులూ వేస్తారు!

కర్నూలు నుంచి:
మార్చాను: ‘బార్టొనెల్లా బాక్టీరియాను ఒంట్లో మోసే దుప్పి పేనీగ.’ బాక్టీరియాను సూక్ష్మజీవి అని మార్చమనకండి, అది పిల్లలకు తెలిసిన మాటే. సార్‌కు ఇంకా చూపించలేదు.